వేడి ఎక్కడ ఆగింది?

2010 జులై 14న దోహా విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 50.4 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. వాతావరణ కేంద్రాలు చెప్పే ఈ అంకె నీడలో ఉన్న గాలిది. అలాంటి మధ్యాహ్నం సల్వా రోడ్డు మీద సిగ్నల్ దగ్గర ఆగిన కారు ముందుండే గాలి ఇంకా వేడిగా ఉంటుంది. కింద కాలిన తారు, ముందున్న లారీ పొగ, సొంత ఇంజన్ సెగ అన్నీ అందులో కలుస్తాయి. ఆ కారులోనే డ్రైవరు పాతిక డిగ్రీల చల్లదనంలో కూర్చుని ఉంటాడు.

వేడి తనంతట తాను ఎప్పుడూ వేడిగా ఉన్న చోటి నుంచి చల్లగా ఉన్న చోటికే పోతుంది. పాతిక డిగ్రీల చోటి నుంచి యాభై డిగ్రీల చోటికి పోవాలంటే దాన్ని ఎవరో ఒకరు మోసుకుపోవాలి. కారు ఏసీ చేసే పని ఆ మోతే. చల్లదనాన్ని తయారుచేసే భాగం అందులో ఎక్కడా లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే ఏసీలో ఏ భాగం ఎందుకుందో తెలుస్తుంది. చెడిపోయినప్పుడు అడగవలసిన ప్రశ్న కూడా తేలుతుంది: లోపలి వేడి బయటికి పోయే దారిలో ఎక్కడిదాకా వచ్చి ఆగింది?

జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి ఖతర్ వెళ్లి హౌస్ డ్రైవర్లుగా, కంపెనీ బస్సుల మీద, ట్యాక్సీల మీద, డెలివరీ వ్యాన్ల మీద పనిచేస్తున్న మనవాళ్లకు బండే పనిచోటు. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట ఎండలో పని చేయించకూడదని 2021లో ఖతర్ నిబంధన పెట్టింది. స్టీరింగు పట్టుకున్నవాడి డ్యూటీ మాత్రం ఆ గంటల్లోనూ సాగుతుంది. నీడలో ఉన్నవాడికి దొరికే రక్షణ అతనికి ఏసీ వల్లే దొరకాలి. అందుకే ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో నడిపేవాడికీ తెలిసి ఉండాలి.

మరిగితే చల్లబడుతుంది

మట్టికుండ చెమర్చితే లోపలి నీళ్లు చల్లబడతాయి. పైకి ఊరిన తడి ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. ఇలా ఆవిరిలోకి చేరే వేడిని గుప్తోష్ణం అంటారు. ఏసీదీ ఇదే సూత్రం. కాకపోతే అందులో నీటికి బదులు, మామూలు గాలి పీడనంలో మైనస్ 26 డిగ్రీలకే మరిగే పదార్థం ఉంటుంది. కుండ మీది ఆవిరి గాలిలో కలిసిపోతుంది. ఏసీలో దాన్ని పోనివ్వకుండా పట్టి, మళ్లీ ద్రవంగా మార్చి, మళ్లీ మరిగిస్తారు.

ఇవాళ రోడ్ల మీద తిరుగుతున్న చాలా కార్లలో ఆ పదార్థం ఆర్-134ఏ. మెకానిక్కుల మాటలో గ్యాస్. ఇది ఎంత వేడి దగ్గర మరుగుతుందో దాని మీది పీడనం నిర్ణయిస్తుంది. సుమారు 3.5 బార్ల పీడనంలో 5 డిగ్రీలకు, 10 బార్లలో 40 డిగ్రీలకు, 17 బార్లలో 60 డిగ్రీలకు మరుగుతుంది. ఆవిరి తిరిగి ద్రవం అయ్యేదీ అదే ఉష్ణోగ్రత దగ్గర.

కిటుకంతా ఈ మూడు అంకెల్లోనే ఉంది. కారు లోపల పీడనం తగ్గించి గ్యాస్‌ను 5 డిగ్రీల దగ్గర మరిగిస్తే, పాతిక డిగ్రీల గాలి కూడా దానికి వేడిగానే ఉంటుంది. తన వేడిని దానికి ఇచ్చేస్తుంది. అదే గ్యాస్‌ను బయట 17 బార్లకు నొక్కితే 60 డిగ్రీల దగ్గర ద్రవం అవుతుంది. అప్పుడు దోహా ఎండలోని 48 డిగ్రీల గాలి కూడా దానికి చల్లటి గాలే. వేడి నియమం ఎక్కడా తప్పలేదు. రెండు చోట్లా వేడి నుంచి చల్లనికే ప్రవహించింది.

ఈ పని నాలుగు భాగాల మీద నడుస్తుంది. ఇంజన్ బెల్టుతో తిరిగే కంప్రెసర్ ఆవిరిని పీల్చి నొక్కుతుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో ఆవిరి తన వేడిని బయటి గాలికి ఇచ్చి ద్రవమవుతుంది. ఆ ద్రవం డ్రయ్యర్ గుండా పోయి తడి పోగొట్టుకుని ఎక్స్‌పాన్షన్ వాల్వు సన్నటి రంధ్రం దాటుతుంది. అక్కడ పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. డ్యాష్‌బోర్డు వెనకున్న కూలింగ్ కాయిల్‌లో మరుగుతూ లోపలి గాలి వేడిని తాగుతుంది. మళ్లీ కంప్రెసర్ దగ్గరికి వస్తుంది. గ్యాస్‌తో పాటే కొంచెం నూనె కూడా ఈ చుట్టంతా తిరుగుతూ కంప్రెసర్ అరగకుండా కాపాడుతుంది.

కంప్రెసర్‌కు, బెల్టుకు మధ్య అయస్కాంతంతో అతుక్కునే క్లచ్ చాలా బండ్లలో ఉంటుంది. ఏసీ బటన్ నొక్కగానే టక్కుమని వినిపించేది దాని చప్పుడే. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1939లో తొలిసారి కారు ఏసీని అమ్మకానికి పెట్టినప్పుడు ఈ క్లచ్ లేదు. ఏసీ వద్దనుకుంటే ఇంజన్ ఆపి, బానెట్ ఎత్తి, బెల్టు ఊడదీయాల్సి వచ్చేది.

ఎండ కన్నా ఉక్క బరువు

ఖతర్‌లో ఏసీకి కష్టకాలం ఏదంటే ఎవరైనా జూన్ మధ్యాహ్నం పేరే చెబుతారు. లెక్క వేస్తే ఆగస్టు రాత్రే కష్టమని తేలుతుంది.

జూన్‌లో వాయవ్యం నుంచి షమాల్ గాలి వీస్తుంది. అది ఎడారి గాలి, పొడి గాలి. 46 డిగ్రీల వేడిలో కిలో గాలికి 6 గ్రాముల నీటి ఆవిరి ఉందనుకుందాం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఆ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే కాబట్టి వేసవి చివరికి పైనీళ్లు బాగా వేడెక్కి విపరీతంగా ఆవిరవుతాయి. అప్పుడు రాత్రిపూట 35 డిగ్రీల గాలిలో కిలోకు 27 గ్రాముల దాకా ఆవిరి ఉండవచ్చు. ఇప్పుడు ఈ రెండు గాలులనూ 10 డిగ్రీలకు దించాలి. జూన్ గాలికి కిలోకు సుమారు 37 కిలోజౌళ్ల వేడి తీసెయ్యాలి. ఆగస్టు గాలికి సుమారు 76 కిలోజౌళ్లు. పదకొండు డిగ్రీలు తక్కువ వేడిగా ఉన్న గాలికి రెట్టింపు పని!

కారణం గుప్తోష్ణమే. 27 గ్రాముల ఆవిరిలో దాదాపు 20 గ్రాములు కూలింగ్ కాయిల్ మీద నీరుగా మారాలి. ఒక్కో గ్రాము నీరవుతూ దాదాపు రెండున్నర కిలోజౌళ్ల వేడిని కాయిల్ మీద దించుతుంది. గాలి చల్లబడే లోపు ఏసీ ఈ బరువు కూడా ఎత్తాలి. విజయవాడ మే ఎండలో బాగా పనిచేసిన ఏసీ విశాఖ ఉక్కలో మెత్తబడినట్టనిపించడానికి కారణం కూడా ఇదే.

కాబట్టి ఆగస్టులో చల్లదనం తగ్గిందనగానే గ్యాస్‌ను అనుమానించకూడదు. ముందు గాలిని లోపలే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కి చూడాలి. ఒకసారి తడి పిండేసిన గాలే మళ్లీ కాయిల్ మీదికి వస్తుంది కాబట్టి భారం సగానికి పైగా తగ్గుతుంది. పది నిమిషాల్లో చల్లబడితే ఏసీ ఆరోగ్యంగానే ఉన్నట్టు. ఎండలో నిలిపిన బండి ఎక్కినప్పుడు మాత్రం లోపలి గాలి బయటి గాలి కన్నా చాలా వేడి. అప్పుడు ముందు అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, ఆ సెగ పోయాక అద్దాలు ఎక్కించి రీసర్క్యులేషన్ వెయ్యాలి.

ఆగస్టులో బండి కింద నీళ్లు కారితే భయం లేదు, గాలిలోంచి పిండిన తడే అది. ఆ నీళ్లు లోపల కాళ్ల దగ్గర కారితే డ్రైన్ పైపు పూడిందని అర్థం. గంటసేపు చల్లగా ఉండి తర్వాత గాలే సన్నబడిపోతే, ఏసీ ఆపి పావుగంట ఆగితే మళ్లీ బాగుంటే, కాయిల్ మీద మంచు గడ్డకట్టింది. దుమ్ముతో నిండిన ఏసీ ఫిల్టరు గాలిని ఆపడమో, కాయిల్ చల్లదనాన్ని కొలిచే సెన్సర్ పనిచేయకపోవడమో సాధారణంగా దీనికి మూలం. ఫిల్టరు మార్చడం ఎవరైనా చేసుకోగలిగిన పని. చాలా కార్లలో గ్లవ్ బాక్స్ ఊడదీస్తే వెనకే ఉంటుంది.

ముందు కండెన్సర్

సల్వా రోడ్డు పక్కనున్న ఇండస్ట్రియల్ ఏరియాలో, మనవాళ్ల వాడుకలో సనయ్యలో, నంబర్లు వేసిన వీధుల నిండా గ్యారేజీలే. వేసవిలో అక్కడ తరచూ వినిపించే మాటలు ఇలా ఉంటాయి. "అన్నా, సిగ్నల్ కాడ ఆగంగనే గరం గాలి కొడ్తున్నది. బండి ఉరికితే మంచిగనే ఉంటది. గ్యాస్ కొట్టియ్యాల్నా?" అంటాడు జగిత్యాల డ్రైవరు. కడప మెకానిక్కు బానెట్ ఎత్తుతూ, "గ్యాస్ సంగతి తర్వాత సూద్దాం న్నా. ముందు ఫ్యాన్ తిరుగుతాందో లేదో సూడనీ" అంటాడు.

ఆ మెకానిక్కు మాటలో విజ్ఞానం ఉంది. బండి పరుగెత్తితే ఎదురుగాలి కండెన్సర్ వేడిని తీసుకుపోతుంది. ఆగితే ఆ పని ఫ్యాను ఒక్కటే చెయ్యాలి. గ్యాస్ తక్కువైతే బండి నడిచినా చల్లదనం పూర్తిగా రాదు. ఆగినప్పుడు మాత్రమే ఏసీ మెత్తబడుతోందంటే వేడి కండెన్సర్ దాకా వచ్చి అక్కడ ఆగిందన్నమాట. ఫ్యాన్ మోటారు, దాని రిలే, ఫ్యూజు, వైరు, వీటిలో ఒకటి పోయింది. లేదా కండెన్సర్‌కు దుమ్ము పట్టింది.

కండెన్సర్‌ను దగ్గరగా చూడాలి. ఇంజన్ చల్లారాక ముందు గ్రిల్లులోంచి టార్చి వేస్తే అడ్డంగా పేర్చిన బల్లపరుపు అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య మడతలు మడతలుగా రేకులు కనిపిస్తాయి. రేకుకూ రేకుకూ మధ్య సందు మిల్లీమీటరు అటూ ఇటూ. ఖతర్ దుమ్ము పిండంత మెత్తన. సముద్రపు తేమ, ఉప్పు దానికి కలిసి ఆ సందుల్లో అట్ట కడతాయి. కండెన్సర్‌కు, వెనకున్న రేడియేటర్‌కు మధ్య బయటికి కనిపించని చోట ఇంకా మందంగా పేరుకుంటుంది. కడగాల్సింది మామూలు పైపు నీళ్లతో, వీలైతే ఇంజన్ వైపు నుంచి బయటికి, సూటిగా. ప్రెషర్ గన్‌తో కొడితే రేకులు వంగి సందులు మూసుకుపోతాయి. దుమ్ము చేసే నష్టం కన్నా అది ఎక్కువ.

గల్ఫ్ దేశాల కోసం తయారైన బండ్లను అక్కడ జీసీసీ స్పెక్ అంటారు. వాటి ఏసీని, రేడియేటర్‌ను ఆ వేడికి తగినట్టు బలంగా పెడతారు. చల్లటి దేశం కోసం చేసిన బండిని తెచ్చుకుంటే ఏ భాగమూ చెడకపోయినా జులైలో అది చాలకపోవచ్చు. రిపేరు మీద డబ్బు పెట్టేముందు బండి ఎక్కడిదో తెలుసుకోవడం మేలు.

రెండు మీటర్లు చెప్పే కథ

మెకానిక్కు తగిలించే గేజుల్లో నీలం రంగుది కూలింగ్ కాయిల్ వైపు పీడనాన్ని, ఎరుపుది కండెన్సర్ వైపు పీడనాన్ని చూపుతాయి. కండెన్సర్‌లో గ్యాస్ బయటి గాలి కన్నా సుమారు 15 నుంచి 20 డిగ్రీలు వేడిగా ఉంటేనే వేడి వదులుతుంది. అందుకే ఎరుపు మీటరు ఊరిని బట్టి, రోజును బట్టి మారుతుంది. హైదరాబాద్ జనవరిలో 25 డిగ్రీల పగలు 150 పీఎస్ఐ చూపే ఆరోగ్యమైన బండి, దోహాలో 45 డిగ్రీల పగలు 250 దగ్గర నిలబడితే ఆశ్చర్యం లేదు. బయటి వేడి తెలియకుండా ఆ అంకెకు అర్థం లేదు.

రెండు మీటర్లనూ కలిపి చదివితే వేడి ఆగిన చోటు తెలుస్తుంది. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తగ్గింది. నీలం ఎక్కువ, ఎరుపు తక్కువైతే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. నీలం పాతాళానికి పడిపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వు దగ్గర దారి మూసుకుంది. కాసేపు బాగుండి కాసేపు ఇలా అవుతుంటే లోపలి తడి వాల్వు రంధ్రంలో మంచుగా గడ్డకడుతోంది. రెండూ ఎక్కువైతే కండెన్సర్ వేడి వదలలేకపోతోంది. ఎరుపు వైపు సుమారు 450 పీఎస్ఐ దాటితే ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ను ఆపేస్తుంది. ఎండలో ఏసీ ఆగుతూ వస్తూ ఉంటే ఆ స్విచ్ యంత్రాన్ని కాపాడుతున్నదేమో చూడాలి.

రెండూ ఎక్కువైన సందర్భంలోనే ఎక్కువ తప్పు జరుగుతుంది. చల్లగా లేదని ఇంకాస్త గ్యాస్ ఎక్కిస్తారు. ఎక్కువైన ద్రవం కండెన్సర్ గొట్టాల్లో నిలిచి, ఆవిరి ద్రవమయ్యే చోటును ఆక్రమిస్తుంది. పీడనం ఇంకా పెరుగుతుంది, చల్లదనం ఇంకా తగ్గుతుంది. దానికి మందు ఫ్యాను, కడుగుడు.

గ్యాస్ అయిపోదు

పెట్రోలు కాలిపోతుంది కాబట్టి మళ్లీ పోయిస్తాం. ఏసీ గ్యాస్ కాలదు, అరగదు. రబ్బరు గొట్టాల గుండా ఏటా కొన్ని గ్రాములు జారిపోవడం మామూలే. అంతకు మించి తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ప్రతి వేసవికీ గ్యాస్ కొట్టించుకోవాల్సి వస్తే ఆ లీకును ప్రతి వేసవికీ వదిలేస్తున్నట్టు లెక్క.

లీకు తన ఆనవాలు వదులుతుంది. గ్యాస్‌తో పాటు నూనె కూడా చెమరుస్తుంది కాబట్టి అక్కడ దుమ్ము అంటుకుని నల్లటి జిడ్డు మచ్చ కడుతుంది. పైపుల జాయింట్ల దగ్గరి ఓ రింగులు, కంప్రెసర్ ముందు సీలు, గ్యాస్ ఎక్కించే పిన్నులు, రాయి తగిలిన కండెన్సర్ వరసగా చూడాలి. కనిపించకపోతే అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును లోపలికి పంపో, నైట్రోజన్ నింపి సబ్బు నురగ పూసో పట్టవచ్చు. నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ గానీ, మామూలు కంప్రెసర్ గాలి గానీ ఎక్కించకూడదు. లోపలి నూనెతో, గ్యాస్‌తో కలిసి అవి పేలుడుకు దారితీయగలవు.

లీకు వదిలేసి గ్యాస్ మాత్రమే పోయించే బండిలో నూనె ఏటేటా తగ్గుతుంది. గ్యాస్ తక్కువగా తిరుగుతున్నప్పుడు ఉన్న నూనె కూడా కంప్రెసర్‌కు సరిగా తిరిగి రాదు. ఒకరోజు కంప్రెసర్ జామ్ అవుతుంది. అరిగిన లోహపు పొడి కండెన్సర్ సన్నటి దారుల్లోకి పోయి కూర్చుంటుంది. అక్కడి నుంచి దాన్ని పూర్తిగా కడిగి తీయడం దాదాపు అసాధ్యం. కొత్త కంప్రెసర్ ఒక్కటే వేస్తే ఆ పొడి దాన్నీ తినేస్తుంది. కండెన్సర్, డ్రయ్యర్, ఎక్స్‌పాన్షన్ వాల్వు కూడా మార్చాల్సి వస్తుంది. ఒక చిన్న ఓ రింగుతో పోయేది ఇంతవుతుంది.

మంచి రిపేరుకు ఒక క్రమం ఉంది. ఉన్న గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా యంత్రంతో వెనక్కి తీసుకోవాలి. చెడిన భాగంతో పాటు కొత్త ఓ రింగులు నూనె రాసి వెయ్యాలి. గొట్టాలు విప్పితే డ్రయ్యర్ మార్చాలి. దోహా ఆగస్టు గాలి తగిలితే డ్రయ్యర్‌లోని తేమ పీల్చే గుళికలు త్వరగా నిండిపోతాయి. తర్వాత అరగంటకు తక్కువ కాకుండా వ్యాక్యూమ్ పెట్టాలి. ఇది లోపలి గాలి తీయడానికే కాదు. పీడనం 40 మిల్లీబార్లకు పడితే నీరు 29 డిగ్రీలకే మరుగుతుంది, కాబట్టి గొట్టాల్లో దాగిన తడి ఆవిరై పంపులోకి పోతుంది. పంపు ఆపాక మీటరు కదలకుండా నిలిస్తేనే గ్యాస్ ఎక్కించాలి.

ఎక్కించేది తూకం వేసే. బానెట్ కింద స్టిక్కరు మీద ఎన్ని గ్రాములో రాసి ఉంటుంది. చాలా కార్లకు అది అర కిలో అటూ ఇటూ. మీటరు చూసి నింపితే మోసపోతాం. ఇంజన్ ఆపి, బండి 45 డిగ్రీల నీడలో నిలిచాక, లోపల కొంత ద్రవం మిగిలి ఉన్నంతవరకు గ్యాస్ నిండుగా ఉన్నా, చాలా తగ్గినా మీటరు అదే 150 పీఎస్ఐ చూపుతుంది. ఆ పీడనాన్ని నిర్ణయించేది ఉష్ణోగ్రత, పరిమాణం కాదు.

చేతి జాగ్రత్త కూడా చెప్పాలి. చిమ్మిన ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతూ చర్మాన్ని, కంటిని గడ్డకట్టిస్తుంది. కళ్లద్దాలు, గ్లవ్స్ లేకుండా జాయింటు విప్పకూడదు. ఈ గ్యాస్ మంటకు తగిలితే విషవాయువు పుడుతుంది. చవకగా దొరికే నకిలీ సిలిండరు ఇంకా ప్రమాదం. 2011లో ఆర్-134ఏ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిసిన నకిలీ గ్యాస్ నింపిన ఓడ కంటైనర్ల శీతల యంత్రాలు పేలి ప్రాణాలు పోయాయి. మిథైల్ క్లోరైడ్ అల్యూమినియంతో కలిసి, గాలి తగిలితే చాలు అంటుకునే పదార్థంగా మారింది. కారు కండెన్సరూ అల్యూమినియమే.

ఆ అర కిలో విలువ

ఆర్-134ఏకు ముందు కార్లలో ఆర్-12 ఉండేది. దానిలోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ హెచ్చరించారు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ రంధ్రం బయటపడింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1990లలో కార్లు ఆర్-134ఏకు మారాయి. ఇది ఓజోన్ జోలికి పోదు. కానీ భూమిని వేడెక్కించడంలో కిలోకు కిలో, నూరేళ్ల లెక్కన, బొగ్గుపులుసు వాయువుకు 1,430 రెట్లు. ఒక కారులోని అర కిలో గాలిలో కలిస్తే దాదాపు 300 లీటర్ల పెట్రోలు కాల్చినంత నష్టం.

అందుకే 2016 అక్టోబరులో కిగాలీలో దేశాలు ఈ జాతి వాయువులను దశలవారీగా తగ్గించాలని ఒప్పుకున్నాయి. ఎండలు మండే దేశాలకు గడువు కొంచెం ఎక్కువిచ్చారు. ఆ జాబితాలో ఖతర్, భారత్ రెండూ ఉన్నాయి: రెండింటిలోనూ 2028లో వాడకం పెరగకుండా ఆగాలి, 2047 నాటికి 85 శాతం తగ్గాలి. ఐరోపాలో 2017 నుంచి కొత్త కార్లన్నిటికీ ఆర్-134ఏ మానేశారు. చాలావరకు దాని బదులు వచ్చిన ఆర్-1234వైఎఫ్ భూమిని వేడెక్కించడం బహు స్వల్పం. కానీ దానికి కొద్దిగా మండే గుణం ఉంది. పాతదానితో కలపకూడదు, ఎక్కించే పోర్టులూ వేరు. ఏ గ్యాసో స్టిక్కరు చూసి తెలుసుకున్నాకే గొట్టం తగిలించాలి.

ఈ అధ్యాయంలో చెప్పినదంతా గ్యారేజీలో మూడు అంకెలు అడగడానికి పనికొస్తుంది. బయటికి తీసిన గ్యాస్ ఎన్ని గ్రాములు? తిరిగి ఎక్కించింది ఎన్ని గ్రాములు? నూనె ఎన్ని మిల్లీలీటర్లు? స్టిక్కరు మీద 500 ఉండి బయటికి 480 వచ్చిందంటే తప్పు గ్యాస్‌ది కాదు. ఫ్యాను, కండెన్సర్, వాల్వు, కంప్రెసర్ చూడాలి. 200 వచ్చిందంటే లీకు చూపించాకే కొత్తది ఎక్కించమనాలి. ఈ మూడు అంకెలు బిల్లు మీద రాయించుకున్న డ్రైవరు, వచ్చే ఏడాది అదే బండికి అదే జబ్బు వస్తే ఎక్కడ మొదలుపెట్టాలో కొత్త మెకానిక్కుకు తానే చెప్పగలడు.